అభయమిచ్చిన తీరం

హైదరాబాదు పాతబస్తీలో ఫలక్‌నుమా కొండకు చేరువగా జహనుమా అనే పేట ఉన్నది. ఈ రెండు పేర్లూ పారసీకం నుండి వచ్చినవి. ఫలక్ అంటే ఆకాశం, జహాన్ అంటే లోకం, నుమా అంటే చూపించునది. లోకాన్ని చూపిస్తానని పేరు పెట్టుకొన్న ఆ పేటలోని బడిపిల్లలకు, ఆ లోకంలో ముప్పాతిక వంతుకు కొంచెం తక్కువగా ఆవరించి ఉన్న సముద్రం మాత్రం కనబడదు. ఆటుపోట్లు, తీరరేఖ, రుతుపవనాలు అన్నీ వారికి నల్లబల్లమీది గీతలే. అక్కడినుంచి తూర్పు సముద్రం చేరాలంటే మూడువందల పైచిలుకు కిలోమీటర్లు ప్రయాణం చేయాలి. అంత దూరం పిల్లలను వెంటబెట్టుకొని పోదలచిన ఉపాధ్యాయుడు మొదట ఆలోచించవలసిన ప్రశ్న ఒకటున్నది: ఏ తీరానికి పోవడం?

విశాఖపట్నంలో రామకృష్ణా బీచి ఉన్నది, బాపట్లవద్ద సూర్యలంక ఉన్నది. రెండూ చూడదగినవే. సెలవునాడు అక్కడ జనసమ్మర్దం ఎక్కువ. వేరుసెనగ పప్పులవాని కేకలకూ, బాకాల మోతకూ మధ్య పిల్లలకు సముద్రపు సందడి వినబడదు. సముద్రాన్ని చూచి రావడం వేరు, సముద్రం దగ్గర కూర్చొని నేర్చుకొనడం వేరు. రెండవ పనికి జనసంచారం తక్కువగల ఇసుకతీరం కావాలి. అటువంటి తీరాలు మన ఆంధ్రదేశంలో ఇంకను కొన్ని మిగిలి ఉన్నవి. వానిలో మోటుపల్లి ఒకటి.

మోటుపల్లి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని గ్రామం. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఇది ప్రకాశం జిల్లాలో ఉండేది. విజయవాడనుండి మద్రాసు పోయే రైలుమార్గంలో చీరాల, వేటపాలెం దాటిన తరువాత చినగంజాం స్టేషను వస్తుంది. వేటపాలెంలో దిగి, 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతన గ్రంథాలయాన్ని దర్శించి బయలుదేరితే ఆ ప్రయాణం మరింత సార్థకమవుతుంది. దారి పొడుగునా ఉప్పుకొటారులు, సరుగుడు తోటలు కనబడతవి. సరుగుడు ఆకులలో గాలి చేసే ఈలను విన్న పిల్లలు, సముద్రం వచ్చిందేమోనని ముందుగానే ఉలికిపడతారు.

తోటలు దాటగానే ఇసుకతిన్నెలు. ఆ తిన్నెలపై గుండ్రని ముళ్లబంతులు గాలికి దొర్లుతూ పోతుంటవి. వానిని మనవారు రావణాసురుని మీసాలు అంటారు. ఒక గడ్డిమొక్క తన విత్తనాలను గాలిబండి ఎక్కించి దూరదేశం పంపుకొనే ఉపాయమది. నేలను పెనవేసుకొని, ఊదారంగు పూలు పూసి పాకే తీగె బాలబంది. ఈ రెండు మొక్కల వేళ్లే ఇసుకను పట్టి నిలుపుతవి. అవి లేనినాడు తిన్నె నిలువదు, తిన్నె లేనినాడు ఉప్పెనకు అడ్డుండదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన వేల ప్రాణాలను ఎట్లు బలిగొన్నదో పెద్దలెరుగుదురు. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ కూడ ఈ తీరాన్ని తాకింది. పిచ్చిమొక్కలని పీకివేయదగినవి ఇక్కడ ఏవీ లేవని పిల్లలకు చెప్పడానికి ఇంతకు మించిన పాఠశాల లేదు.

నీటి అంచున తడియిసుకపై పీతలు బొరియలు త్రవ్వి, చిన్నచిన్న ఇసుక ఉండలను చుట్టూ ముగ్గువలె పేర్చుతవి. అడుగుల చప్పుడు తగిలితే చాలు, మాయమవుతవి. కదలక కూర్చున్నవానికే మరల కనబడతవి. నిశ్శబ్దంగా కూర్చోమని ఉపాధ్యాయుడు బెత్తం పట్టి చెప్పే మాటను ఆ పీత ఏ బెత్తమూ లేకుండ నేర్పుతుంది.

అయితే ఈ నిశ్శబ్దం అనాదిగా వచ్చినది కాదు. ఒకప్పుడు ఇది కాకతీయుల మహా రేవు. ఓడలు, సరకులు, సుంకరులు, దేశదేశాల భాషలు కలిసి ఇక్కడ ఎంతో కోలాహలం నడిచింది. అందుకు సాక్ష్యం ఇప్పటికిని గ్రామంలోని వీరభద్రస్వామి ఆలయంలో శిలారూపంలో ఉన్నది. అదే గణపతిదేవ చక్రవర్తి వేయించిన అభయశాసనం. శకవర్షం 1166, అనగా క్రీ.శ. 1244-45 నాటిది.

ఆ శాసనంలోని విషయం విద్యార్థులందరు తెలిసికొనదగినది. అంతకుముందు ఒక దేశంనుండి మరొక దేశానికి పోయే ఓడ తుఫానులో చిక్కి, దారి తప్పి, పగిలి పరాయి తీరానికి కొట్టుకొనివస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం ఆ తీరపు రాజు హరించేవాడు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని త్రోసిపుచ్చినాడు. ప్రాణాలకు తెగించి సముద్రయానం చేసేవారికి ధనం ప్రాణంకంటె ఎక్కువయినదని తలచి, నియమితమైన సుంకం తప్ప మరేమియు తీసికొనబోమని మాట యిచ్చినాడు. ఎగుమతి దిగుమతి సరకులపై ముప్పయింట ఒక వంతు సుంకం. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, పోకలు ఇట్లా సరకుల పట్టిక కూడ ఆ శాసనంలో ఉన్నది.

ఇందులో గమనింపదగిన విశేషమొకటి. ఈ మాట యిచ్చిన రాజు సముద్రతీరవాసి కాడు. అతని రాజధాని ఓరుగల్లు, ఇప్పటి తెలంగాణములోని వరంగల్లు. చుట్టూ రాతినేల, చెరువులు తప్ప ఉప్పునీటి వాసన లేని చోటు. అక్కడ సింహాసనంపై కూర్చున్నవాడు, తాను ఎన్నడూ చూడని నావికుని భయాన్ని ఊహించుకోగలిగినాడు. సముద్రం మా ఊరికి దూరం గనుక సముద్రపు గొడవ మాకెందుకు అనేవారికి ఇది తగిన సమాధానం.

పదమూడవ శతాబ్ది చివర వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అని పేర్కొన్నాడు. ఆ పేరు మోటుపల్లికి వికృతి. ఆ రాజ్యాన్ని వివేకవతియైన రాణి పాలించిందని, అక్కడి సన్నని వస్త్రాలు సాలెగూటివలె ఉంటవని, వజ్రాలు దొరుకుతవని అతడు వ్రాసినాడు. ఆ రాణి గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవియే అని చరిత్రకారుల అభిప్రాయం. కాకతీయుల అనంతరం 1358లో అనపోతారెడ్డి ఇక్కడ మరల శాసనం వేయించి వర్తకులకు సౌకర్యాలు కల్పించినాడు. రెడ్డిరాజులకు విదేశీ సుగంధద్రవ్యాలు తెప్పించిన అవచి తిప్పయసెట్టికే శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన సంగతి తెలుగు ఉపాధ్యాయులకు తెలిసినదే. ఆ కావ్యపు అవతారికను పాఠం చెప్పడానికి ఈ ఇసుకకంటె మంచి తరగతిగది లేదు.

తరువాత రాజ్యాలు మారినవి. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో వర్తకమంతా మచిలీపట్నానికి మళ్లింది. 1591లో వెలసిన హైదరాబాదుకు సముద్రద్వారం ఆ రేవే. మోటుపల్లి క్రమంగా మరుగుపడింది. ఇసుక ఒక చోట ఉండేది కాదు. నైరృతి రుతుపవనంలో అలలు దానిని తీరం వెంబడి ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనంలో దక్షిణానికి త్రోస్తూనే ఉంటవి. త్రవ్వి కాపాడుకొనేవారు లేకపోతే రేవు నిలువదు. నేడు వలలు ఆరబెట్టుకొనే మత్స్యకారులు తప్ప ఆ తీరాన ఓడలెక్కేవారు లేరు.

ఓడలు రాకపోయినా, ఈ తీరాలకు అతిథుల రాక మాత్రం ఆగలేదు. శీతకాలం చివర, జనవరినుండి మార్చివరకు, ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్లు మన కోస్తాలోని ఇసుకతీరాలకు రాత్రివేళ వస్తవి. ఆడతాబేలు తాను పుట్టిన ప్రాంతానికే ఏళ్ల తరువాత తిరిగివచ్చి, వెనుకకాళ్లతో గుంట త్రవ్వి, నూరు నూటయిరవై గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడకుండ సముద్రంలోనికి పోతుంది. సుమారు ఏడెనిమిది వారాలకు ఇసుకవేడిమికే పిల్లలు పొదుగబడతవి. వేడి ఎక్కువయితే ఆడపిల్లలు, తక్కువయితే మగపిల్లలు ఎక్కువగా పుడతవి. బయటపడిన పిల్లకు దారి చూపేది సముద్రంపై కనిపించే వెలుగు. తీరాన విద్యుద్దీపాలు వెలిగితే అది సముద్రమనుకొని ఎదురుదిక్కున నడిచి, ఎండకో కాకికో బలియవుతుంది. వేయి పిల్లలలో పెరిగి పెద్దయ్యేది ఏ ఒక్కటోనని శాస్త్రజ్ఞుల అంచనా.

పెద్ద తాబేలుకును గండం ఉన్నది. అది ఊపిరి పీల్చడానికి మాటిమాటికి నీటిపైకి రావాలి. మరపడవల వలలో చిక్కితే పైకి రాలేక ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. ఆ రోజులలో తీరం వెంట నడిచేవారికి గ్రుడ్లు మోస్తూనే చచ్చి కొట్టుకొనివచ్చిన తాబేళ్లు అక్కడక్కడ కనబడతవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వీనికి అత్యున్నత రక్షణ యిచ్చింది. తాబేలు తప్పించుకొని పోవడానికి వలలో అమర్చే సాధనం కూడ ఉన్నది. చట్టమూ ఉన్నది, సాధనమూ ఉన్నది. మనసుపెట్టి ఉపయోగించడమే కొరత.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. నగరవాసి నిశ్శబ్దం కోసం తీరగ్రామం పేదరికంలోనే ఉండిపోవాలా? రోడ్లు, బసలు, వ్యాపారం వారికి వద్దా? ఈ ప్రశ్న న్యాయమైనది. మనకు విహారమైన తీరం మత్స్యకారునికి పొలం. అతని పడవకు, వలకు చోటు లేకుండ చేసే అభివృద్ధి అతనిది కాదు. అట్లే అతనికి ఆదాయం రాకుండ చేసే నిశ్శబ్దమూ అతనికి అక్కరలేదు. బసలు తిన్నెలకు వెనుకగా కట్టవచ్చును. దీపాలకు నీటివైపు మరుగు పెట్టవచ్చును. గ్రుడ్లు పెట్టే మూడు నెలలు రాత్రిపూట తీరాన్ని చీకటికి వదలవచ్చును. గూళ్లకు కాపలా ఉండే పనిని ఆ గ్రామపు యువకులకే జీతమిచ్చి అప్పగించవచ్చును. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు మన దేశంలో 1991లోనే మొదటిసారి వెలువడినవి. వానిని పాటించడం గ్రామానికి నష్టం కాదు, పెట్టుబడి.

పిల్లలను తీసుకొనిపోయే ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక అవసరం. జనం లేని తీరంలో రక్షించేవారు కూడ ఉండరు. అలల మధ్య ఒకచోట నీరు ప్రశాంతంగా కనబడితే అది క్షేమమని భ్రమపడరాదు. ఒడ్డుకు వచ్చిన నీరు లోనికి లాగుకొనిపోయే మార్గం తరచు అదే. దానిలో చిక్కినవాడు ఒడ్డుకు ఎదురీదక, ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది బయటపడాలి. పిల్లలను మోకాటి లోతు దాటనీయరాదు. స్థానిక మత్స్యకారుని ఒకరిని వెంట ఉంచుకొనడం ఉత్తమం. సముద్రాన్ని గూర్చి పుస్తకంలో లేని సంగతులు చెప్పగలవాడు కూడ అతడే.

ఎనిమిదివందల ఏళ్లకు కొంచెం తక్కువ క్రిందట ఒక రాజు, తుఫానుకు తాళలేక ఈ ఇసుకపై పడిన అపరిచితుని దోచుకొనరాదని రాతిపై చెక్కించినాడు. ఇప్పుడు సముద్రం దాటి ఈ ఒడ్డులకు వచ్చే అపరిచితులకు శాసనం చదవడం రాదు. వానికి కావలసినది చీకటి, కొంచెం ఇసుక, వలలో ఒక సందు. ముప్పయింట ఒక వంతు సుంకమైనా అడుగకుండ మనం యివ్వగలిగిన అభయమది. జహనుమా బడిలోని పిల్లవాడు ఆ మాట తెలిసి ఇంటికి తిరిగివస్తే, వాని పేట పేరు సార్థకమైనట్లే.