ఓడలో గదైనా, శుభ్రం మన హక్కే!

మా ఊరు చివ్వెంల. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో ఉంటుంది. సముద్రానికీ మాకూ ఏ చుట్టరికమూ లేదు. మాకు తెలిసిన పెద్ద నీళ్ళంటే ఊరి చెరువూ, మహా అయితే నాగార్జున సాగరూ! రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు వెళ్ళడమే మా ఇళ్ళలో పెద్ద ప్రయాణం. రెండు రోజులకే బట్టలన్నీ దుమ్ము కొట్టుకుపోయేవి. ఇంటికొచ్చి మూట విప్పితే ఏది ఉతికిందో, ఏది విడిచిందో తెలిసేది కాదు.

అలాంటి నేను పోయినేడాది ఓడెక్కాను. మా అమ్మాయి అమెరికాలో, డాలస్‌లో ఉంటుంది. "అమ్మా, నువ్వొచ్చిన ప్రతిసారీ వంటింట్లోనే గడిపి పోతున్నావు, ఈసారి ఓడలో తిరిగొద్దాం" అంది. అయిదు గంటలు కారులో ప్రయాణం చేసి గాల్వెస్టన్ రేవుకు వెళ్ళాం. అక్కడినుంచి మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్ళి రావడానికి అయిదు రోజులు. మా అమ్మాయి, అల్లుడు, నాలుగేళ్ళ మనవరాలు, మా వారు, నేను.

ఓడ అందం గురించి మీరు చాలా విని ఉంటారు. నేను దాని జోలికి పోను. ఆ అయిదు రోజులూ బట్టలు ఎలా శుభ్రంగా ఉంచుకున్నామో, గదిలో వచ్చిన ఇబ్బందిని ఎలా చెప్పి బాగు చేయించుకున్నామో చెబుతాను. ఓడకే కాదు, రైలుకీ, హోటలుకీ కూడా ఇది పనికొస్తుంది.

బట్టలు సర్దేటప్పుడు

నేను చేసిన మొదటి పొరపాటు అన్నీ పెద్ద పెట్టెలో పెట్టడం. పెద్ద పెట్టెలను రేవులోనే తీసుకుంటారు. అవి మన గది ముందుకు వచ్చేసరికి రాత్రి కావచ్చు. అంతదాకా కట్టుకున్న చీరతోనే ఉండాల్సి వచ్చింది. అందుకని ఒక జత బట్టలు, లోదుస్తులు, మందులు, పసిపిల్లలుంటే వాళ్ళ బట్టలు చేతిసంచీలోనే పెట్టుకోండి.

దిగే ముందు రోజు ఇంకో తమాషా. ఆ రాత్రికే పెట్టెలన్నీ గది బయట పెట్టమంటారు. మా వారు శ్రద్ధగా అన్నీ సర్దేసి బయట పెట్టేశారు. తీరా చూస్తే పొద్దున కట్టుకోవడానికి లుంగీ తప్ప ఏమీ మిగల్లేదు! అల్లుడి ప్యాంటు ఇస్తే అది ఈయనకు పట్టలేదు. మీ ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పి పెట్టుకోండి.

ఇస్త్రీ పెట్టె తీసుకెళ్ళకండి. నిప్పు భయం వల్ల ఓడల్లో దాన్ని రానివ్వరు. మాది తనిఖీలో తీసి పక్కన పెట్టి, దిగేటప్పుడు ఇచ్చారు. ముడతలు పడని సింథటిక్ చీరలు, చుడీదార్లు మేలు. ముడత పడిన బట్టను వేడినీళ్ళ ఆవిరి ఉన్న స్నానాల గదిలో కాసేపు తగిలిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

పట్టుచీర ఒకటి చాలు. ఒక రాత్రి అందరూ ముస్తాబై భోజనానికి వెళతారు, ఆ పూటకి. దాన్ని కట్టుకుని పైన డెక్ మీద తిరగకండి. ఉప్పుగాలికి జరీ నల్లబడుతుంది. విప్పగానే మడత పెట్టకుండా గదిలో గాలికి ఆరనివ్వండి.

ఉతుకు, ఆరవేత

ఓడలో బట్టలు ఉతికి ఇస్తారు. అయితే ఒక్కో బట్టకూ ఇంతని లెక్క. మా అమ్మాయి ఆ చీటీ చదివి వినిపిస్తే, ఆ డబ్బులతో సూర్యాపేటలో కొత్తవే కొనుక్కోవచ్చనిపించింది! పైగా అక్కడ వేడినీళ్ళలో ఉతికి, యంత్రంలో వేడిగాలితో ఆరబెడతారు. మన పోచంపల్లి చీరలు, రంగు పోయే నూలు బట్టలు వాళ్ళ చేతికి ఇవ్వకండి.

నేను చేసింది ఇది. రోజూ స్నానం చేసేటప్పుడే లోదుస్తులు, పాప గౌన్లు, సాక్సులు ఉతికేదాన్ని. పిండిన బట్టను పొడి తువ్వాలు మీద పరిచి, చాపలా చుట్టి, మోకాలితో గట్టిగా అదిమితే నీళ్ళన్నీ తువ్వాలు లాగేసుకుంటుంది. ఆ తర్వాత ఆరవేస్తే తెల్లారేసరికి ఆరిపోతాయి. స్నానాల గదిలో లాగి కట్టుకునే సన్నతాడు ఉంటుంది. చాలక పోతే అయస్కాంతం కొక్కేలు తీసుకెళ్ళండి. చాలా ఓడల్లో గది గోడలు ఇనుప రేకువి, చక్కగా అతుక్కుంటాయి. బాల్కనీలో మాత్రం ఆరేయకండి. గాలికి ఎగిరి సముద్రంలో పడతాయి. గది కప్పుకున్న పొగ గంటకూ, నీళ్ళు చిమ్మే గొట్టానికీ ఏదీ తగిలించకూడదు.

మరకల సంగతి మనకు తెలిసిందే. నూనె పడితే వెంటనే పౌడరు చల్లి, అది నూనె పీల్చాక సబ్బు పెట్టాలి. రక్తం మరకకు చన్నీళ్ళే వాడాలి, వేడినీళ్ళు పోస్తే మరక స్థిరపడుతుంది. పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, కంగారు పడకండి. మళ్ళీ ఉతికి, దిగాక ఎండలో వేస్తే అదే వెలిసిపోతుంది.

ఆడవాళ్ళం బయటికి చెప్పుకోని మాట ఒకటుంది. ఓడల్లో మరుగుదొడ్డి నీళ్ళతో తోసేది కాదు, గాలితో లాగేది. గొట్టాలు సన్నగా ఉంటాయి. ప్యాడ్లు, దూది, తడి కాగితాలు వేస్తే మన గదే కాదు, పక్క గదులవీ ఆగిపోతాయి. కాగితంలో చుట్టి చెత్తబుట్టలోనే వేయాలి.

గదిలో వచ్చిన చిక్కు

మొదటి రాత్రి పడుకోబోతూ దుప్పటి తీశాను. కింది పక్కదుప్పటి మీద తుప్పురంగు మరక, రెండు పొడుగాటి వెంట్రుకలు. స్నానాల గదిలోకి వెళితే ఏదో మురుగు వాసన.

నేను ఎక్కడికెళ్ళినా ఒక సొంత దుప్పటి తీసుకెళతాను. అది పరిచేసి ఊరుకున్నాను. వాసన సంగతి నాకు తెలుసు అనుకున్నాను. మేము అమెరికా వెళ్ళి ఆరునెలల తర్వాత చివ్వెంల ఇంటి తాళం తీస్తే ఇలాగే కంపు కొడుతుంది. గొట్టం వంపులో నిలిచే నీళ్ళు ఎండిపోతే కింది మురుగు వాసన పైకి వస్తుంది. ఒక చెంబెడు నీళ్ళు పోస్తే చాలు. ఇక్కడా గ్లాసుతో నీళ్ళు పోశాను. అవి దిగలేదు! అక్కడే నిలబడ్డాయి. అంటే ఎండిపోలేదు, ఎక్కడో అడ్డుపడిందన్న మాట.

పొద్దున మా అమ్మాయి చూసి, "రాత్రే ఎందుకు చెప్పలేదమ్మా?" అని కోప్పడింది.

"ఎందుకు బిడ్డా లొల్లి? నాలుగు రోజులు ఎట్లనో సర్దుకుంటే పాయె. పాపం ఆ పిల్లగాడి మీదికి వస్తది" అన్నాను.

ఆ పిల్లగాడంటే మా గది చూసే ఇండోనేషియా కుర్రాడు. పాతికేళ్ళుంటాయేమో. కనబడినప్పుడల్లా మా మనవరాలికి తువ్వాలుతో కోతినీ, ఏనుగునూ చేసి చూపించేవాడు. నేను ఎందుకు వెనకాడానో నాకే తర్వాత అర్థమైంది. మా చిన్నప్పుడు బట్టలు ఉతికే చాకలి అవ్వ మూట తెచ్చేది. ఒక్క మరక మిగిలినా మా నాయనమ్మ ఆమెను వాకిట్లో నిలబెట్టి వాడంతా వినేలా తిట్టేది. ఆ మరక చేసింది చాలాసార్లు మేమే. అవ్వ తల వంచుకుని మళ్ళీ మూట కట్టుకు పోయేది. ఫిర్యాదు అంటే నా మనసులో అదే బొమ్మ. అందుకే నోరు రాలేదు.

మా అమ్మాయి ఆ కుర్రాడికి మెల్లగా చెప్పింది. అతను ఎంతో నొచ్చుకుని పది నిమిషాల్లో పక్కబట్టలన్నీ మార్చేశాడు. వాసన సంగతి రాసుకున్నాడు. సాయంత్రానికి ఏమీ జరగలేదు. ఫోను చేస్తే "చూస్తాం" అన్నారు. రెండో రోజు స్నానాల గదిలో నీళ్ళు మడమల దాకా నిలిచాయి. మనవరాలు ఆ మురికినీళ్ళలో కూర్చుని ఆడుతోంది! అప్పుడు నాకు భయం వేసింది. ఓడలో వాంతులు, విరేచనాలు ఒకరికొస్తే పదిమందికి అంటుకుంటాయి. నోరో వైరస్ అని, దానికి చేతులకు రాసుకునే ఆల్కహాలు మందు అంతగా పనిచేయదు. సబ్బుతో, నీళ్ళతో బాగా రుద్ది కడుక్కోవాల్సిందే.

"పద బిడ్డా, ఇద్దరం పోదాం" అన్నాను.

ఓడ ఆఫీసు కౌంటరు దగ్గరికి వెళ్ళాం. మా అమ్మాయి ఫోటోలు చూపించి, మొదట ఎప్పుడు చెప్పామో, తర్వాత ఎప్పుడు ఫోను చేశామో వరసగా చెప్పింది. "మా గది కుర్రాడి తప్పేమీ లేదు, అతను వెంటనే రాసి పంపాడు. గొట్టం బాగు చేసేవాళ్ళు కావాలి, పసిపిల్ల ఉంది" అంది. గొంతు పెంచలేదు. గంటలో ఇద్దరు మనుషులు వచ్చారు. గొట్టంలోంచి పిడికెడు వెంట్రుకల ముద్ద తీశారు! నేలంతా మందు పోసి కడిగారు. మాకు అయిన ఇబ్బందికి కొంత సొమ్ము ఓడలో ఖర్చు పెట్టుకునేలా మా లెక్కలో వేశారు. ఓడ పేరు ఎందుకు లెండి, చెప్పాక బాగు చేశారు కదా.

ఎలా చెప్పాలి?

• గదిలో అడుగు పెట్టగానే చూడండి. పక్కదుప్పటి ఎత్తి పరుపు అంచుల కుట్లు చూడాలి, నల్లని చుక్కలుంటే నల్లులున్నట్టే. అంతదాకా పెట్టెను మంచం మీద పెట్టకండి. కొళాయి తిప్పి నీళ్ళు దిగుతున్నాయో లేదో చూడండి.

• ఏదైనా కనబడితే మీరు తుడిచేయక ముందే ఫోటో తీయండి.

• మొదటి రోజే చెప్పండి. చివరి రోజు చెబితే వాళ్ళు బాగు చేయడానికీ వీలుండదు, మీ మాటకూ బలముండదు.

• పక్కబట్టలు, తువ్వాళ్ళు, చెత్త గది చూసే మనిషితో చెప్పండి. గొట్టాలు, ఏసీ, పురుగులు ఆఫీసుకే చెప్పాలి. చెప్పిన టైము, విన్నవాళ్ళ పేరు రాసుకోండి.

• "మురికి మనుషులు" అనే మాట వద్దు. ఏముంది, ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి, ఈ మూడే చెప్పండి.

• మీలో ఎవరికైనా వాంతులు, విరేచనాలైతే దాచకండి. ఓడ డాక్టరుకు చెప్పి గదిలోనే ఉండండి.

అమెరికా రేవులకు వచ్చే ఓడల శుభ్రతను అక్కడి ప్రభుత్వ సంస్థ సీడీసీ 1970ల నుంచి తనిఖీ చేస్తోంది. నూటికి ఇన్నని మార్కులు వేస్తుంది. 86 వస్తేనే పాసు. ఆ మార్కులు అందరూ చూసుకోవచ్చు. మీ పిల్లలు ఓడ టికెట్లు కొనేటప్పుడు ఒకసారి చూడమనండి.

మన దగ్గరైతే

ఓడ షికారు మనకూ దగ్గరికొచ్చింది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ వారి ఎంప్రెస్ ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు ప్రయాణికులను తీసుకెళ్ళింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో ఇలాంటి ఓడల కోసమే ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్ ప్రారంభమైంది. మన మిర్యాలగూడలో రైలెక్కితే విశాఖ ఒక రాత్రి ప్రయాణమే.

ఆ రైల్లోనూ ఇదే సూత్రం. ఏసీ పెట్టెలో ఇచ్చే దుప్పట్లు ప్రతి ప్రయాణం తర్వాతా ఉతకాలి. కంబళ్ళను మాత్రం కనీసం నెలకోసారి ఉతుకుతారని రైల్వే మంత్రి 2024 నవంబరులో లోక్‌సభకు చెప్పారు. అందుకే కంబలి ఒంటికి తగలకుండా మధ్యలో దుప్పటి వేసుకోండి. మురికిగా ఉంటే మార్చమని అడగండి. మార్చకపోతే 139కి ఫోను చేయండి.

మన దేశంలో డబ్బు తీసుకుని సేవ సరిగా చేయకపోతే 1915 నంబరుకు చెప్పుకోవచ్చు. అప్పటికీ దిక్కు లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయవచ్చు, విశాఖకో ముంబయికో పోనక్కరలేదు. మనం చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. రెండేళ్ళలోగా వేయాలి. రసీదులు, ఫోటోలు పారేయకండి. విదేశీ ఓడలకైతే టికెట్ మీద చిన్న అక్షరాల్లో వేరే షరతులుంటాయి, ముందే చదివించుకోండి.

ఇంటికొచ్చాక

వచ్చిన రోజే పెట్టె మొత్తం ఎండలో పెట్టండి. బట్టలన్నీ, కట్టుకోనివి కూడా, ఉతికాకే బీరువాలోకి రావాలి. తడి తువ్వాళ్ళు పెట్టెలో మరిచిపోతే బూజు పట్టి, ఎంత ఉతికినా ఆ వాసన పోదు.

ఆఖరి రోజు అభిప్రాయం రాయమని ఓ కాగితం ఇచ్చారు. మా అమ్మాయి గొట్టం సంగతి రాసింది. నేను దాని చేతిలోంచి కాగితం తీసుకుని, "ఆ పిల్లగాడి పేరేందో రాయి. మంచిగ చేసిండని రాయి. నేను చెప్పినట్టే రాయి" అన్నాను. ఆ కాగితాల మీదే వాళ్ళ ఉద్యోగాలు ఆధారపడి ఉంటాయట. దిగేటప్పుడు ఆ కుర్రాడు చేతులు జోడించి మాకు నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను.

మా చాకలి అవ్వ ఇప్పుడు లేదు. ఉంటే, మరక ఉందని చెప్పడానికి మనిషిని వాకిట్లో నిలబెట్టనక్కరలేదని ఇన్నేళ్ళకు తెలుసుకున్నానని ఆమెతో చెప్పేదాన్ని.