పాత తోలు – కొత్త బొమ్మ

పిల్లలూ! మ్యూజియంలో గాజు బీరువా వెనక నిలబడి ఉన్న పులినో, జింకనో మీరు చూసే ఉంటారు. లోపల మాంసం ఉండదు. పైనున్న తోలు మటుకు నిజమైనదే. చచ్చిన జంతువు తోలు వలిచి, పదును చేసి, బొమ్మ మీద తొడిగి కుడతారు. ఈ విద్య పేరు టాక్సిడెర్మీ. పూర్వం చాలాచోట్ల బొమ్మకు బదులు గడ్డి కూరేవారు. ఏళ్ళు గడిచేసరికి గడ్డి కుంగి, కుట్లు విడిపోయి, జంతువు కాస్తా దిండులాగా తయారయేది. అప్పుడు దాన్ని ఊడదీసి మళ్ళీ నిలబెట్టాలి.

1969లో దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ మ్యూజియంలో అలాంటి పని రైన్‌హోల్డ్ రౌ అనే ఆయన చేతికి వచ్చింది. అది ఒక క్వాగా పిల్ల. క్వాగా అంటే జీబ్రాలాంటి జంతువే గాని, దానికి చారలు ముందు సగానికే ఉండేవి. వెనక సగం గోధుమరంగు. మనుషులు వేటాడి దాన్ని తుదముట్టించారు. చిట్టచివరిది 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జంతుప్రదర్శనశాలలో చచ్చిపోయింది. లోకం మొత్తంమీద మిగిలినవి 23 తోళ్ళే. ఒకటి చినిగిందంటే ఇంకొకటి తెచ్చుకునే దారి లేదు!

ఎండి కట్టెలా బిగుసుకున్న తోలును మెత్తపరచటం ఎలా? నీళ్ళలో నానవేస్తే సరి అంటారేమో. అక్కడే ఉంది చిక్కు. ఎక్కువ నానితే సూక్ష్మజీవులు చేరి, వెంట్రుకలు కుదుళ్ళతో ఊడివస్తాయి. తక్కువ నానితే వంచగానే పగులుతుంది. అందుకని నీళ్ళలో క్రిమినాశకం కలిపి, మాటిమాటికీ వేళ్ళతో తడిమి చూస్తూ కొంచెం కొంచెంగా తడి ఎక్కిస్తారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. పటికతో పదును చేసిన పాత తోళ్ళలో ఆమ్లం నిలిచి, లోపలి నారను తినేస్తుంది. అలాంటి తోలు తడవగానే కాగితంలా చినిగిపోవచ్చు. పైగా పురుగు పట్టకుండా వెనకటివారు పాషాణం పూసేవారు. కనక మీరు పాత జంతువుల బొమ్మలను ఎన్నడూ తాకకండి.

మెత్తబడ్డ తోలును లోపలివైపు గీకి పలచన చేసి, కొలతల ప్రకారం చేసిన కొత్త బొమ్మ మీద తొడిగి కుడతారు. ఆరేటప్పుడు తోలు ముడుచుకుంటుంది. అందుకని గుండుసూదులు గుచ్చి, రోజూ కనిపెట్టి ఉంటారు.

క్వాగా పిల్లను ఊడదీసినప్పుడు రౌకు ఒక వింత కనిపించింది. తోలు లోపలివైపు ఎండిన కండ తునకలు ఇంకా అంటుకుని ఉన్నాయి! మొదట పనిచేసినవాడు సరిగా గీకలేదన్నమాట. నా తరగతిలోనైతే ఆ పనికి మార్కులు పడేవి కావు. రౌ మాత్రం ఆ తునకలను పారవెయ్యక దాచాడు. తరవాత జర్మనీలో మైంజ్ మ్యూజియంలోని క్వాగాలను కూడా ఆయనే విప్పి మళ్ళీ నిలబెట్టాడు.

మైంజ్ తోలుకు అంటుకున్న ఎండు కండ కాలిఫోర్నియాలోని శాస్త్రజ్ఞులకు చేరింది. తల్లిదండ్రుల పోలికలను బిడ్డలకు అందించే పదార్థం డి.ఎన్.ఎ. దాని ముక్కలను ఆ కండలోంచి తీసి, చదివి, 1984లో వారు ప్రకటించారు. నశించిన జంతువు డి.ఎన్.ఎ.ను చదవటం అదే మొదలు. క్వాగా జీబ్రాకు దగ్గర చుట్టమని అందులో తేలింది. మైదానాల జీబ్రాలో అది ఒక ఉపజాతి అని తరవాతి పరిశోధనలు చెప్పాయి.

అలాగైతే క్వాగా పోలికలు జీబ్రాలలో ఇంకా దాగి ఉండాలి గదా! ఆ ఆశతోనే 1987లో చారలు తక్కువగా ఉన్న జీబ్రాలను ఎంచి, జత కూర్చి పెంచే పని రౌ ప్రారంభించాడు. ఆయన 2006లో చనిపోయాడు. ఆ మందలో వెనకభాగాన చారలు దాదాపు లేని పిల్లలు పుట్టాయి. వాటిని క్వాగాలనవచ్చునా, కూడదా అని శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.