రాగం వినబడుతోంది... అక్షరమేదీ?

కొండ ముందు నిలబడి కేకేస్తే మన గొంతు మనకే తిరిగొస్తుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 17 మీటర్ల దూరంలో బండో గోడో ఉంటే పోయి రావడానికి సెకనులో పదో వంతు చాలు. నాటకం స్టేజీ మీద ఆ కొండ పని చేయడానికి ఇప్పుడు మిక్సర్‌లో ఒక బటన్ ఉంది. అంతకుముందు టేప్ ఎకో ఉండేది.

దేవనకొండలో నేను మైకుసెట్లు, యాంప్లిఫయర్లు బాగుచేస్తుంటాను. ఈమధ్య పద్యనాటకాలాడే పెద్దాయన ఒకరు రోలాండ్ ఆర్‌ఈ-201 తెచ్చారు. 1974లో జపాన్ నుంచి వచ్చిన మోడల్ అది. పట్నంలో ఎక్కడో మోటారు బాగుచేయించి, కొత్త టేపు వేయించారట.

"ఎకో వస్తాది నాయనా. రాగం ఇనపడతాది, అచ్చరం ఇనపడదు. పద్యానికి అచ్చరమే కదా ప్రాణం! జాతరలోగా సరిగా పలకలేదంటే పాత సామాన్లోకి ఏసేద్దామంటాండారు మావాళ్లు" అన్నారు.

ఆ మాటతోనే సగం జబ్బు తెలిసింది.

లోపల ఏముంది?

పెట్టెలో పావు అంగుళం టేపు, రెండు కొసలూ అతికించిన చుట్టలా తిరుగుతుంటుంది. ఎరేజ్ హెడ్డు పాత మాటను చెరుపుతుంది, రికార్డు హెడ్డు కొత్త మాటను ఎక్కిస్తుంది, ఆ తర్వాత వరసగా ఉన్న 3 ప్లే హెడ్లు దాన్ని వినిపిస్తాయి. టేపు సెకనుకు 19 సెంటీమీటర్లు పోతోందనుకోండి. హెడ్ల మధ్య 2 సెంటీమీటర్ల ఎడముంటే మాట సెకనులో పదో వంతు ఆలస్యంగా వస్తుంది. అంటే 17 మీటర్ల అవతలి కొండ 2 సెంటీమీటర్లలో ఇమిడిపోయిందన్నమాట!

వెతకడం ఇలా...

జపాన్‌లో కరెంటు 100 వోల్టులు, మనది 230. అందుకే ప్లగ్ పెట్టకముందే వెనకవైపు రాసిన వోల్టేజీ చూశాను. మనకు సరిపోయేదే. మైకులో మాట్లాడితే అసలు గొంతు శుభ్రంగా వస్తోంది. కాబట్టి పవర్ సప్లై, యాంప్లిఫయర్ బాగున్నట్టే. తప్పు టేపు దారిలోనే ఉంది.

పాట ఎక్కించి ఉన్న పాత స్పూల్ టేపు ముక్కను చేత్తో ప్లే హెడ్డు మీద లాగాను. గరగరమంటూనే పాట స్పష్టంగా పలికింది. ప్లే హెడ్లూ బాగున్నాయి. ఇక మిగిలింది కొత్తగా వేసిన టేపు.

దాన్ని తిప్పి చూస్తే విషయం బయటపడింది. అయస్కాంతపు పూత ఉన్న వైపు హెడ్లకు తగలాలి. పాత టేపుల్లో చాలావాటికి మెరిసే వైపు వెనక భాగం. వెనక కూడా నల్లపూత వేసిన టేపుల్లో ఇది తారుమారవుతుంది. మెరిసే గోధుమరంగు వైపే అసలు పూత. పాత అలవాటుతో వేసినవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు.

టేపు మందం వెంట్రుకలో సగం. ఆ కాస్త దూరానికే సన్నటి ధ్వనులన్నీ మాయమవుతాయి. 'స', 'శ', 'త', 'క' తెలిసేది ఆ సన్నటి ధ్వనుల వల్లే. లావు ధ్వనులు మాత్రం కొంత దాటుకుని వస్తాయి. అందుకే రాగం ఉంది, అక్షరం లేదు.

ఇంకో రెండు పనులు

టేపు సరిగా తిప్పి వేశాక అక్షరం వచ్చింది. కానీ చుట్ట తిరిగినప్పుడల్లా 'టక్' మని, గొంతు ఊగుతోంది. అతుకును నిలువుగా కోసి, మామూలు ప్లాస్టర్ టేపు అంటించారు. దాని జిగురు రబ్బరు రోలరుకు పట్టుకుంది. 45 డిగ్రీల ఏటవాలుగా కోసి, స్ప్లైసింగ్ టేపుతో అతికిస్తే అతుకు హెడ్డు మీద ఒక్కసారిగా కాక మెల్లగా దాటుతుంది. హెడ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, రోలరును సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచాను. ఎర్రమట్టి, ఆదోని పక్క పత్తి ధూళి ఉండే మన ప్రాంతంలో ఇది ఎటూ తప్పని పనే.

సాయంత్రం పెద్దాయన మైకు పట్టుకుని ఒక పద్యం అందుకున్నారు. చివరి అక్షరం మూడుసార్లు విడివిడిగా పలికింది. ఈసారి జాతరకు ఆ పెట్టె స్టేజీ ఎక్కుతోంది.

రిపేరు తర్వాత కొత్త తప్పు కనిపిస్తే వెంటనే పెట్టె మొత్తం విప్పకండి. చివరిగా ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో అడగండి. నూటికి నూరుసార్లు కాకపోయినా, వెతుకులాట మొదలుపెట్టాల్సింది అక్కడే!