నంబరు చూసి మోసపోబోయాను!

మొన్న మా వైజాగులో ఒక సినిమాకి వెళ్ళాను. కథ 1980లో నడుస్తోంది. బెల్‌బాటం పేంట్లు సరే, చెవుల కిందకి దిగిన జుట్టూ సరే... హీరోగారి ఫియట్ కారు బీచిరోడ్డు మలుపు తిరిగేసరికి, తెల్ల నంబరు ప్లేటు మీద ఏపీ 31! నాకు కిసుక్కున నవ్వొచ్చింది. పక్కసీటాయన ఎగాదిగా చూశాడు. చూడడూ మరి? తెర మీద హీరోయిన్ ఏడుస్తోంది!

ఏపీ 31 అన్నది మా ఊరికి 1989 జూలైలో దేశమంతటా కొత్త పద్ధతి వచ్చాక దక్కిన నంబరు. అంతకుముందు మన రాష్ట్రం బళ్ళకి 'ఏ'తో మొదలయ్యే మూడక్షరాలు, వాటి తర్వాత అంకెలు. సొంతకార్లకైతే నల్లపలక మీద తెల్ల అక్షరాలు. 'మరో చరిత్ర' ఇక్కడ తీసిన 1978 నాటికి ఏపీ 31 పుట్టనే లేదు. సెట్టుకి లక్షలు పోసేవాళ్ళు ఆ చిన్న రేకుముక్క సంగతి ఎందుకు చూసుకోరో!

ఏపీ 31లో కూడా వరస ఉంది. ముందు ఒంటి అక్షరం, అవి అయిపోయాక జంట అక్షరాలు. అలవాటైన కన్ను బండి వయసు ఇంచుమించుగా పట్టేస్తుంది. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే కోడు, ఏపీ 39, పెట్టారు. దాంతో ఊరు తెలియదు గానీ, బండి కొత్తదని మాత్రం తెలుస్తుందనుకున్నాను.

అక్కడే బోల్తా పడబోయాను!

రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్ కారు కొందామని గాజువాక వెళ్ళాను. "ఏపీ 39 అండీ, నిన్నగాక మొన్నటి బండి" అన్నాడు బ్రోకరు. నాలుగున్నర లక్షలు. అడ్వాన్సు కోసం జేబులో చెయ్యి పెట్టాను కూడా. వెంట వచ్చిన మావయ్య, పోర్టులో ఏళ్ళ తరబడి లారీ తోలినవాడు, నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏటల్లుడూ, నంబరు చూసి మురిసిపోతన్నావు? కాయితం చూడు."

ఆర్‌సీ అడిగితే బ్రోకరు నసిగాడు. చివరికి తీసిచ్చాడు. తయారైంది 2011లో! ఒరిస్సాలో తిరిగిన బండి. వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయే బండికి ఇక్కడి కొత్త నంబరు ఇస్తారు. నంబరు కొత్తదైతే వయసు తగ్గుతుందా? సొంతకారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకే చెల్లుతుంది, ఆ తర్వాత తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ఆ పదిహేనేళ్ళూ మొదటి రిజిస్ట్రేషను నుంచే లెక్క. నేను కొనబోయింది ఆ గడువు చివర్న ఉన్న బండిని!

2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ మాత్రం సంవత్సరాన్ని నేరుగా ముఖం మీద రాసుకుంటుంది. 21 బీహెచ్ అంటే 2021లో రిజిస్టరైనట్టు. కేంద్ర ఉద్యోగులకీ, ప్రభుత్వ సంస్థలవాళ్ళకీ దొరుకుతుంది కనక స్టీల్‌ప్లాంటు, పోర్టు ఉన్న మా ఊళ్ళో అవీ కనిపిస్తాయి.

నేను చివరికి కొన్నది మాత్రం ఏపీ 31 బండే. 2015 నాటిది. ఈసారి నంబరు ఇంటికొచ్చాకే చూశాను.