సైబర్ మోసం: మన మౌనమే దొంగకు అండ

రంజాన్ చివరి పది రోజులు. తరావీహ్ ముగించుకొని ఇంటికొచ్చి ఫోన్ చూస్తే వాట్సాప్‌లో ఒక ఫోటో. ఆసుపత్రి మంచం మీద పసివాడు. "ఆపరేషన్‌కు రేపే గడువు, జకాత్ సొమ్ము పంపండి" అని రాత. దాని కింద క్యూఆర్ కోడ్. పంపింది మన బంధువే. ఆయనకు మరెవరో పంపారు. అసలు మొదట పంపిందెవరో ఎవరికీ తెలియదు. మనసు కరిగి ఐదు వేలు పంపుతాం. మరునాడు ఆసుపత్రికి ఫోన్ చేస్తే అలాంటి రోగి ఎవరూ లేరంటారు.

అప్పుడు మనలో చాలామంది "నియ్యత్ మంచిదే కదా, పోనీలే" అని ఊరుకుంటారు. నలుగురికీ తెలిస్తే నవ్వుతారని ఇంట్లో కూడా చెప్పరు. ఆ జకాత్ చెల్లిందా లేదా అన్నది ఉలమాలను అడగవలసిన ప్రశ్న. కాని మనం ఊరుకుంటే ఆ దొంగ మరో ఇంటి తలుపు తడతాడు. నిజంగా ఆపరేషన్ అవసరమైన బిడ్డను కూడా రేపు ఎవరూ నమ్మరు. అందుకే ఫిర్యాదు చేయడం మన సొమ్ము కోసమే కాదు, మన తర్వాతి వారి కోసం కూడా.

చట్టం ఏమంటుంది?

సైబర్ నేరాలకు మన దేశంలో ప్రధానమైన చట్టం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం. ఫోన్, కంప్యూటర్ సాయంతో మరొకరిగా నటించి మోసగిస్తే 66డి సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. మన పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడుకుంటే 66సి సెక్షన్ కింద అంతే శిక్ష. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ ప్రకారం మోసం చేసి సొమ్ము కాజేస్తే 7 ఏళ్ల వరకు జైలు. ఫోటోలు బయటపెడతామని బెదిరించి డబ్బు గుంజడం కూడా నేరమే. అలాంటి బెదిరింపుకు గురైన ఆడపిల్లను ఇంట్లోవారు నిందించకూడదు. ఆమె బాధితురాలు, నేరస్థురాలు కాదు.

వెంటనే ఏం చేయాలి?

మోసం జరిగిందని తెలియగానే 1930 నంబరుకు ఫోన్ చేయండి. దొంగ మన డబ్బును ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడి నుంచి ఇంకొక ఖాతాకు మార్చి చివరకు బయటకు తీసుకుంటాడు. అది బ్యాంకుల్లో ఉండగానే సమాచారం అందితే దాన్ని అక్కడే నిలిపివేయవచ్చు. ఆలస్యమైన కొద్దీ ఆశ తగ్గుతుంది. ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. లావాదేవీ నంబరు, మెసేజ్‌లు, స్క్రీన్‌షాట్లు దాచండి. కోపంతో ఏదీ చెరిపేయకండి. అవే సాక్ష్యాలు.

"మా పరిధి కాదు" అని పోలీస్ స్టేషన్ తిప్పి పంపడానికి వీల్లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. ఆన్‌లైన్‌లో సమాచారం ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి.

బ్యాంకుకు కూడా వెంటనే తెలపండి. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మూడో వ్యక్తి ఖాతాలోంచి సొమ్ము కాజేస్తే, సమాచారం అందిన 3 పని దినాల్లో తెలిపిన ఖాతాదారుకు నష్టం ఉండదని 2017 జూలై 6 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ చెప్పింది. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపే వరకు పోయింది మన నష్టమే, తెలిపిన తర్వాత పోయింది బ్యాంకు భరించాలి. మనమే మోసపోయి స్వయంగా పంపిన డబ్బుకు ఈ రక్షణ ఉంటుందని అనుకోవద్దు. అక్కడ 1930 ఫోనే మన ఆశ.

రెండు హెచ్చరికలు

పోలీసుల వేషంలో వీడియో కాల్ చేసి "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు" అంటే నమ్మకండి. చట్టంలో అలాంటి అరెస్టు లేదు. ఫోన్ పెట్టేసి ఇంట్లోవారికి చెప్పండి.

రెండోది మన కుర్రవాళ్ల గురించి. కొద్దిపాటి కమీషన్‌కు ఆశపడి బ్యాంకు ఖాతాను, ఏటీఎం కార్డును ఎవరికో అప్పగిస్తే, దోచిన సొమ్ము ఆ ఖాతాలోకే వస్తుంది. పోలీసులు ముందుగా తట్టేది ఆ పిల్లవాడి తలుపే. ఉపకార వేతనం ఇచ్చేటప్పుడు ఈ మాట కూడా చెప్పడం మన బాధ్యత.

ఇచ్చే ముందు

ఇచ్చే చేతిని ఆపమని ఎవరూ అనరు. ఒక్క నిమిషం ఆగమంటున్నాం. ఖాతా సంస్థ పేరు మీదే ఉందా? రసీదు ఇస్తారా? ఆ ఊరిలో వారిని ఎరిగినవారు ఉన్నారా? ఒక ఫోన్ చేసి అడగండి. యూపీఐలో పిన్ కొట్టే ముందు తెరపై కనిపించే పేరు చదవండి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదని గుర్తుంచుకోండి.

దానం పేదవాడి అమానత్. అది అతడి చేతికి చేరే వరకు కాపాడటం దాత పనే. దారిలో ఎవరైనా దోచుకుంటే మౌనంగా ఉండకుండా ఫిర్యాదు చేయడం కూడా ఆ పనిలో భాగమే.