చవకైన పాత కంప్యూటరు – సంఘానికి లాభమా, నష్టమా?

సంఘానికి కంప్యూటరు కావాలి, పాతది చవకగా వస్తే తీసుకోవచ్చునా అని బీర్కూర్ ప్రాంతపు పాల సంఘాల కార్యదర్శులు, పాలకవర్గ సభ్యులు తనిఖీకి వెళ్ళినప్పుడల్లా మమ్ములను అడుగుతున్నారు. కొత్తది ముప్పై వేల మాట. పట్నంలో ఎనిమిది, తొమ్మిది వేలకే పాతది దొరుకుతుంది. సంఘం డబ్బు మిగిల్చినట్లు కూడా కనిపిస్తుంది. ఆశ పుట్టడం సహజమే. అయితే బేరం కుదిర్చేది పాలకవర్గమైనా, ఖర్చయ్యేది పాలు పోసిన ప్రతి సభ్యుని డబ్బు. కనుక ఈ విషయం సభ్యులందరికీ తెలియాలి.

ఇంత చవకగా ఎందుకు వస్తున్నాయి?

కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. మన వైపు ఎక్కువగా వాడేది విండోస్. అందులో విండోస్ 10కి మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలను మైక్రోసాఫ్ట్ వారు 2025 అక్టోబరు 14తో నిలిపివేశారు. మరికొంత కాలం సవరణలు పొందే ప్రత్యేక ఏర్పాటు ఉన్నది గాని అది తాత్కాలికమే. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 అన్ని యంత్రాలలో పని చేయదు. అందుకు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరముది గాని, ఆ తరువాతది గాని కావాలి. 8వ తరము 2017లో వచ్చింది. అంతకు ముందటి యంత్రాలను కార్యాలయాలు తీసివేస్తున్నాయి. వాటినే తుడిచి, మెరుగు పెట్టి మళ్ళీ అమ్ముతున్నారు. ధర తగ్గడానికి కారణం ఇదే.

పశువుల అంగడిలో బర్రెను కొనేటప్పుడు మనం పళ్ళు చూస్తాము, పొదుగు చూస్తాము, ఎన్నో ఈత అని అడుగుతాము, వీలుంటే ఒక పూట పాలు పిండి చూస్తాము. కొమ్ములకు రంగు వేసినంత మాత్రాన వట్టిపోయిన బర్రెను ఎవరూ కొనరు. కంప్యూటరు విషయంలోనూ అదే జాగ్రత్త కావాలి. ఎన్నో తరము అని అడగడం, ఎన్నో ఈత అని అడగడం వంటిదే.

లెక్క వేసి చూద్దాము

ఉదాహరణకు పాత యంత్రం 8,000 రూపాయలకు కొన్నాము అనుకుందాము. పాత హార్డ్ డిస్క్ లోపల పళ్ళెం తిరుగుతూ ఉంటుంది. తిరిగే భాగం అరుగుతుంది కనుక దాని బదులు ఎస్.ఎస్.డి. వేయించాలి. అందుకు 2,500. కరెంటు పోతే ఆగకుండా యు.పి.ఎస్. బ్యాటరీకి 1,000. బాగుచేసే మనిషి బాన్సువాడ నుండి నాలుగుసార్లు వచ్చి పోతే 2,000. మొత్తం 13,500. రెండేళ్ళు నడిచిందంటే సంవత్సరానికి 6,750 పడింది. కొత్తది 30,000కు కొని అయిదేళ్ళు వాడితే సంవత్సరానికి 6,000. ఈ అంకెలు లెక్క తెలియడానికి మాత్రమే. మీ సంఘం అంకెలు వేసుకొని చూడండి.

ఈ లెక్కలో చేరని నష్టం మరొకటి ఉన్నది. 60 మంది సభ్యులు రెండు పూటలా పాలు పోస్తే పదిహేను రోజుల బిల్లుకు 1,800 నమోదులు అవుతాయి. ప్రతి నమోదులో పాల కొలత, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర ఉంటాయి. బిల్లు రోజుకు ముందు యంత్రం ఆగిపోతే ఇవన్నీ చేతితో రాయాలి, లేదా బిల్లు ఆలస్యం కావాలి. దాణా బాకీ, పిల్లల ఫీజు ఆ బిల్లు మీద పెట్టుకున్న ఇంటికి ఒక వారం ఆలస్యం అంటే చిన్న మాట కాదు. లెక్క తప్పిందన్న అనుమానం ఒకసారి పుడితే పాలు ప్రైవేటు కేంద్రానికి మళ్ళుతాయి.

భద్రత సంగతి

సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు సంఘం కంప్యూటరులోనే ఉంటాయి. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్, సవరణలు వేయని కంప్యూటర్లలోకి దూరి ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. దాదాపు 150 దేశాలు దెబ్బ తిన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దానిని అడ్డుకునే సవరణ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదలయింది. సవరణలే రాని యంత్రాన్ని కొనడమంటే గడియ లేని తలుపు కొనడమే.

అసలు అవసరమా?

సభ్యులు తక్కువగా ఉన్న సంఘానికి ఎలక్ట్రానిక్ కాంటా, పాల పరీక్ష యంత్రం, శుభ్రంగా రాసిన రిజిస్టరు చాలు. కాంటాకు ఏటా తూనికలు, కొలతల శాఖ వారి ముద్ర వేయించారా, పరీక్ష యంత్రాన్ని సరిచూశారా అన్నది ముందు చూసుకోవాలి. చేతిలో ఉన్న సొమ్ము ముందుగా వాటికే పోవాలి.

సంఘంలో ఇప్పటికే ఉన్న పాత యంత్రం పని చేస్తుంటే పారవేయనవసరం లేదు. దానిని ఇంటర్నెట్‌కు కలపకుండా ఉత్తరాలు, తీర్మానాలు టైపు చేయడానికి వాడుకోవచ్చు. ఉన్నదానిని వాడుకోవడం వేరు, లేనిదానిని డబ్బు పెట్టి తెచ్చుకోవడం వేరు.

కొనే ముందు పాటించవలసినవి

1. యంత్రం చూడక ముందే, ఏ పని కోసం కావాలో పాలకవర్గ తీర్మానంలో రాయండి.

2. పాల లెక్కల ప్రోగ్రాముకు ఏ యంత్రం సరిపోతుందో ఫెడరేషన్ వారిని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

3. కాంటా తీగకు పాత రకం సీరియల్ పోర్టు కావాలి కనుక పాత కంప్యూటరే మేలని అమ్మేవారు చెప్పవచ్చు. కొత్త కంప్యూటరుకు యు.ఎస్.బి. కన్వర్టరు తగిలిస్తే సాధారణంగా సరిపోతుంది. అది కొన్ని వందల రూపాయల వస్తువు.

4. వాడినదే కొనక తప్పని పరిస్థితి అయితే 8వ తరమునకు తగ్గకుండా, విండోస్ 11 నడుస్తూ, 8 జి.బి. మెమరీ, ఎస్.ఎస్.డి. ఉన్నదే చూడండి. బిల్లు, ఒక సంవత్సరం రాతపూర్వక వారంటీ లేనిదే డబ్బు ఇవ్వవద్దు.

5. మూడు కొటేషన్లు తీసుకోండి. కొన్న రోజే ఆస్తుల రిజిస్టరులో ఎక్కించండి.

6. ప్రతి పూట లెక్క ముగియగానే పెన్ డ్రైవ్‌లోకి నకలు తీసి, దానిని వేరే చోట ఉంచండి.

అమ్మేవారు సాధారణంగా "ఈ రోజే తీసుకుంటే ఈ ధర" అంటారు. తీర్మానం లేనిదే కొనలేము అని చెప్పడానికి సహకార సంఘానికి హక్కు ఉన్నది. ఆ నిబంధన మన డబ్బును కాపాడేందుకే పెట్టినది. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ ఆరు అంశాలను చదివి వినిపించి, సభ్యుల అభిప్రాయం తెలుసుకున్న తరువాతనే ముందుకు సాగవలసినదిగా సంఘాలను కోరుతున్నాము.