పక్షి రెట్టలోని పరాన్నజీవి పేరు తేల్చడం ఎలా?

దక్షిణ అండమాన్ జిల్లాలోని ఫెరార్‌గంజ్ తహసీల్‌లో ఊరు, పొలం, అడవి ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. 2021 వరకు మౌంట్ హారియట్‌గా పిలిచిన మౌంట్ మణిపూర్ జాతీయ పార్కు ఇక్కడిదే. అండమాన్ దీవులకే పరిమితమైన షామా, బుల్‌బుల్, గోకురాయి వంటి పక్షులకు ఈ అడవులు నెలవు. ఊళ్ల చుట్టూ మాత్రం మామూలు గోరింకలు తిరుగుతుంటాయి. ఇవి బ్రిటిష్ కాలంలో బయటి నుంచి తెచ్చి వదిలిన పక్షుల సంతతి. కొత్త చోటికి వచ్చే పక్షి తన పేగుల్లోని పరాన్నజీవులను కూడా వెంట తెచ్చుకోవచ్చు. అవి స్థానిక పక్షులకు సోకుతున్నాయో లేదో చెప్పాలంటే, ముందు ఆ పరాన్నజీవి ఏ జాతిదో కచ్చితంగా తెలియాలి.

అలాంటి పరాన్నజీవుల్లో ముఖ్యమైనవి కాక్సీడియా. ఇవి పేగు గోడ కణాల్లో పెరిగే ఏకకణ జీవులు. మలేరియా క్రిమికి ఇవి దూరపు చుట్టాలు. అయితే మలేరియా వ్యాపించడానికి దోమ కావాలి, వీటికి అక్కర్లేదు. పక్షి రెట్టతో పాటు గట్టి పెంకు ఉన్న ఊసిస్ట్‌లు నేల మీద పడతాయి. కలుషితమైన మేత, నీటి ద్వారా అవి మరో పక్షి కడుపులోకి చేరతాయి. తేమ నేలలో ఇవి ఎక్కువ కాలం నిలుస్తాయి. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురిసే దక్షిణ అండమాన్‌లో తేమకు కొదవ లేదు.

పండితేనే పోలిక తెలుస్తుంది

అప్పుడే పడిన రెట్టలోని ఊసిస్ట్‌ను సూక్ష్మదర్శినిలో చూస్తే, గుండ్రటి పెంకు లోపల ఒక ముద్ద మాత్రమే కనిపిస్తుంది. మొగ్గను చూసి పువ్వు రంగు చెప్పలేనట్టే, ఈ దశలో జాతిని చెప్పలేం. అందుకే నమూనాను 2.5 శాతం పొటాషియం డైక్రోమేట్ ద్రావణంలో పలుచగా పరిచి, గాలి తగిలేలా కొన్ని రోజులు ఉంచుతారు. ఈ ద్రావణం బ్యాక్టీరియా, బూజు పెరగకుండా ఆపుతుంది. ఈలోగా ఊసిస్ట్ పక్వానికి వస్తుంది. తర్వాత నమూనాను చిక్కటి చక్కెర ద్రావణంలో కలిపితే, తేలికైన ఊసిస్ట్‌లు పైకి తేలతాయి. వాటిని గాజు పలక మీదికి తీసుకుని పరిశీలిస్తారు.

మొదటి మెట్టు లెక్క పెట్టడం. పండిన ఊసిస్ట్‌లో స్పోరోసిస్ట్ అనే చిన్న గదులు, వాటిలో స్పోరోజోయిట్ అనే క్రిములు ఉంటాయి. రెండు గదులు, ఒక్కో గదిలో నాలుగేసి క్రిములు ఉంటే అది ఐసోస్పోరా. నాలుగు గదులు, ఒక్కో గదిలో రెండేసి ఉంటే ఐమీరియా. రెండింటిలోనూ మొత్తం ఎనిమిదే, అమరికలోనే తేడా. కోళ్లలో రక్తవిరేచనాలు కలిగించేవి ఐమీరియాలు. పాటపిట్టల్లో ఎక్కువగా కనిపించేది ఐసోస్పోరా.

తర్వాత కొలతలు. ఊసిస్ట్ పొడవు, వెడల్పు, వాటి నిష్పత్తి, పెంకు పొరలు, లోపల మిగిలే రేణువులు నమోదు చేస్తారు. చాలా ఐసోస్పోరా ఊసిస్ట్‌ల పొడవు 20 నుంచి 30 మైక్రోమీటర్లే, అంటే మిల్లీమీటరులో నలభయ్యో వంతుకు అటూ ఇటూ. స్పోరోసిస్ట్ కొసన బిరడాలా ఉండే స్టీడా బాడీ ఆకారం జాతులను వేరు చేయడంలో బాగా ఉపయోగపడుతుంది.

రూపం ఒక్కటే చాలదు

1893లో లాబే అనే శాస్త్రవేత్త ఐసోస్పోరా లకాజీ అనే జాతిని వర్ణించారు. ఆ తర్వాత చాలాకాలం పాటు రకరకాల పాటపిట్టల్లో దొరికిన ఊసిస్ట్‌లన్నిటికీ అదే పేరు తగిలించారు. ఐసోస్పోరాలు సాధారణంగా ఒకే కుటుంబానికి చెందిన పక్షులకే పరిమితమవుతాయని క్రమంగా తెలిసింది. దాంతో ఒకే పేరు కింద ఎన్నో జాతులు కలిసిపోయాయని అర్థమైంది. అందుకే ఇప్పుడు ఆతిథేయి పక్షి పేరు, ఊసిస్ట్ కొలతలతో పాటు జన్యు ఆధారం కూడా చూస్తున్నారు. ఇందుకు మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువును, 18ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువును ఎక్కువగా వాడతారు. ఒకే పక్షిలో రెండు మూడు జాతులు కలిసి ఉండవచ్చు. అప్పుడు ఒక్కో ఊసిస్ట్‌ను విడిగా తీసి పరీక్షించాలి.

నమూనా సేకరించే వేళ కూడా ముఖ్యమే. పాటపిట్టల్లో ఐసోస్పోరా ఊసిస్ట్‌లు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత, సాయంత్రానికి ముందు బయటపడతాయి. ఎండ, అతినీలలోహిత కిరణాల బారిన పడకుండా ఉండటానికి ఇది తోడ్పడుతుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఉదయం తీసిన రెట్టలో ఏమీ కనిపించకపోతే పక్షికి పరాన్నజీవి లేదని అనుకోకూడదు.

దీవుల్లో ఎందుకింత పట్టింపు?

ఆరోగ్యంగా ఉన్న అడవి పక్షికి కాక్సీడియా వల్ల సాధారణంగా పెద్ద ముప్పు ఉండదు. పిల్లల్లో, ఇరుకు పంజరాల్లో, ఒత్తిడిలో ఉన్న పక్షుల్లో పరిస్థితి వేరు. కొన్ని ఐసోస్పోరాలు పేగు దాటి కాలేయం, ప్లీహం, రక్తకణాల్లోకి చేరతాయి. గోరింక కుటుంబానికే చెందిన, అంతరించే దశలో ఉన్న బాలి మైనాను జంతుప్రదర్శనశాలల్లో పెంచుతున్నప్పుడు ఈ వ్యాధి పిల్లలను బలిగొంటూ వచ్చింది.

ఫెరార్‌గంజ్‌కు ఈ విషయం సూటిగా వర్తిస్తుంది. అండమాన్ నికోబార్ దీవులకే ప్రత్యేకమైన తెల్లతల గోరింక, బయటి నుంచి వచ్చిన మామూలు గోరింక ఒకే కుటుంబం పక్షులు. ఒకదాని ఐసోస్పోరా మరోదానికి సోకే అవకాశం, బుల్‌బుల్‌కో షామాకో సోకే అవకాశం కంటే ఎక్కువ. రెండింటి రెట్టలోనూ ఊసిస్ట్‌లు కనిపించినంత మాత్రాన సంక్రమణ జరిగినట్టు కాదు. రెండూ ఒకే జాతివో, ఎవరివి వారికే ఉన్న వేర్వేరు జాతులో తేలాలి. పట్టుబడిన పంజరం పక్షులను అడవిలోకి వదలాలా వద్దా అన్న నిర్ణయానికి కూడా ఇదే ఆధారం. ఇందుకోసం పక్షిని చంపాల్సిన పని లేదు. అటవీశాఖ అనుమతితో పట్టి, రెట్ట వేసేదాకా గుడ్డసంచిలో కాసేపు ఉంచి వదిలేస్తే చాలు.